షాహీనా పుట్టిన సంవత్సరం

రేపల్లె,
27-1-2026, మంగళవారం.

చిరంజీవి షాహీనాకు,

మీ పీఈటీ టీచర్ శోభారాణి దీవించి రాసేది. మేమంతా ఇక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. పద్ధతి అదే. కానీ నువ్వు క్షేమంగా లేవని నీ ఉత్తరమే చెబుతోంది. మీ ఇంట్లో ఎవరూ క్షేమంగా లేరని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. అందుకని ఒంటి సంగతుల వరకే రాస్తాను. మోకాళ్ళు తప్ప నాకంతా బాగానే ఉంది. మీ అమ్మ కరీమాబీకి బీపీ మాత్ర మార్చారు. మీ నాన్న తింటున్నాడో లేదో తెలియదు, ఎప్పుడడిగినా తిన్నానండి అంటాడు.

నీ ఉత్తరం శనివారం అందింది. ఈ రోజుల్లో కూడా ఉత్తరాలు రాసే పిల్లలున్నారా మేడమ్ అని పోస్టుమాన్ నన్నే అడిగాడు. ఫోన్ చేస్తే ఏడుస్తానని రాస్తున్నాను టీచర్ అన్నావు. నేనూ అందుకే రాస్తున్నాను. నీ గొంతు వింటే అనుకున్న మాట అనలేను, వేరే ఏదో అనేస్తాను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డం రావు కూడా. బడిలో ఉన్నప్పుడు విజిల్ వేస్తే తప్ప నోరు మూసేదానివి కాదు.

మూడుసార్లు చదివాను. ప్రతిసారీ ఒకచోటే ఆగిపోయాను. మీ కాలేజీ వరండాలో జట్టు బోర్డు మీద నీ పేరు కనపడకుండా తెల్లకాగితం అంటించారని రాశావే, అక్కడ. ఆ బోర్డు నేను చూశాను. పన్నెండు మంది పేర్లు, ఒక్కో పేరు కింద ఆ పిల్ల ఆట నేర్చుకున్న బడి పేరు. అన్నిటికన్నా పైన కెప్టెన్ అని నీ పేరు, దాని కింద మన బడి. తెనాలి కాలేజీలో గోడ మీద రేపల్లె ఆడపిల్లల బడి పేరు చూసి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను ఆ రోజు. ఇప్పుడు నీ పేరు కప్పేసి బడి పేరు మాత్రం వదిలేశారని, వచ్చేపోయేవాళ్ళు అది చదివి నవ్వుతున్నారని రాశావు. ఆ నవ్వేవాళ్ళ పేర్లు నాకు పంపు. రిటైర్మెంటుకి ఐదు నెలలే ఉన్నా సరే, ఒక్కొక్కత్తె చేత గ్రౌండు చుట్టూ ఇరవై రౌండ్లు పెట్టిస్తాను.

ఇంకో సంగతి కూడా రాశావు. వచ్చే సోమవారం, ఫిబ్రవరి రెండున, యూనివర్సిటీ కమిటీ ముందు ఆఖరి విచారణ. పుట్టిన సంవత్సరం దిద్దింది బడివాళ్ళయితే నీ తప్పు లేదని ఆడనిస్తారు. నువ్వు గానీ మీ అమ్మానాన్నలు గానీ దిద్దించారని తేలితే మూడేళ్ళు ఏ జట్టులోనూ ఆడకూడదు. మూడేళ్ళంటే నీకు ఇరవై నాలుగు దాటతాయి, ఇక ఆట లేనట్టే. మీ నాన్న ఇప్పటికే నేనే దిద్దించానండి అని సంతకం పెట్టి ఇచ్చాడు. అందుకని నన్ను వచ్చి, ఈ పిల్లకి ఏమీ తెలియదు, తండ్రి చేసిన పనికి పిల్లని శిక్షించకండి అని చెప్పమన్నావు. ఇంతవరకూ నాతో అబద్ధం ఆడని మనిషి మీరొక్కరే టీచర్ అని కూడా రాశావు.

ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఊరి కబుర్లు చెప్పనీ.

నిన్న జెండా పండగ బాగా జరిగింది. ఆరో తరగతి పిల్లల చేత డ్రిల్లు చేయించాను. అందరూ కుడి అంటే ఎడమ తిరిగారు. మన బాస్కెట్‌బాల్ కోర్టులో ఈశాన్యం వైపు రింగు మళ్ళీ వంగింది, దానికి వేలాడేది ఎవరో నాకు తెలుసు గానీ ఆ పిల్ల నీ అంత ఎత్తు ఎగురుతోందని చూసీ చూడనట్టు ఊరుకున్నాను. కొత్త పిల్లలు నీ గురించి అడుగుతున్నారు. షాహీనా అక్క ఈసారి ఎప్పుడొస్తుంది టీచర్ అని. పరీక్షలున్నాయని చెప్పాను.

మీ నాన్న షాపు తీస్తున్నాడు, కానీ మునుపటిలా కాదు. పొద్దున్న అటు పోతూ చూశాను. మిషను ముందు కూర్చుని ఉన్నాడు, కాలు తొక్కుడు మీదే ఉంది, మిషను మాత్రం తిరగడం లేదు. ఏంటి సైదావలీ అన్నాను. ఏం లేదండి, దారం తెగిందండి అన్నాడు. దారం బాగానే ఉంది. అమ్మాయి ఫోన్ ఎత్తుతోందా అని అడిగితే, క్లాసులో ఉంటదండి, బిజీ అండి అన్నాడు. ఆదివారం కూడా క్లాసులేంటి అని నేను అనలేదు.

ఆయన మీద నీకు అంత కోపం ఉంచుకోవద్దు తల్లీ. నీకు గుర్తుండదేమో. నువ్వు ఆరో తరగతిలో కొత్తగా ఆటకి వచ్చినప్పుడు, మెడలో టేపు వేసుకునే గోడ పక్కన వచ్చి నిలబడ్డాడు. నేను సరే, అయిపోయింది, పిల్లని తీసుకుపోతానంటాడు అనుకున్నాను. అలా ఆపేసిన తండ్రులని చాలామందిని చూశాను, అన్ని కులాల్లోనూ అన్ని మతాల్లోనూ. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన ఆట అయ్యేదాకా నిలబడి, టీచరుగారండీ, పొడుగు ప్యాంటు వేసుకుని ఆడితే రూలు ఒప్పుకుంటుందాండీ అని అడిగాడు. ఒప్పుకుంటుందన్నాను. మర్నాడు పొద్దున్నకి ప్యాంటూ, పొడుగు చేతుల బనియనూ కుట్టి పట్టుకొచ్చాడు. మోకాలి దగ్గర రెండో పొర కూడా వేశాడు, పడితే దెబ్బ తగలకుండా. అది వేసుకుని నువ్వు మొదటి రోజే పడ్డావు. నిజంగానే దెబ్బ తగల్లేదు.

మీ ఇంటి వైపు నుంచి నీ ఆటకి ఒక్కసారి కూడా ఎవరూ అడ్డం రాలేదు. మీ అమ్మ మాత్రం ఎండకి నల్లబడిపోతోందండి అని నాతో గొడవపడేది. అది అన్ని ఇళ్ళలోనూ ఉండేదే.

డిసెంబరులో ఆ రోజు ఎంత బాగుందో చూడు. మీ కాలేజీలో ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఆఖరి సంవత్సరం పిల్లల బడులకి జట్టంతా బస్సులో వెళ్ళి, అక్కడి పిల్లలతో పావుగంట ఆడి రావడం. నువ్వు కాలేజీలో చేరినప్పటి నుంచి మన వంతు ఎప్పుడా అని లెక్కపెట్టుకుంటున్నాను. పొద్దున నందివెలుగు, మధ్యాహ్నం బాపట్ల, సాయంత్రం రేపల్లె అని మీ పీడీ మేడమ్ ఫోన్ చేస్తే, ఆఖరున ఎందుకండీ, పిల్లలు అలిసిపోతారు అని పోట్లాడాను కూడా. మీ బస్సు గేటు లోపలికి వచ్చేసరికి ఎండుచేపల వాసన. బాపట్లలో మీ జట్టు గంగాభవాని వాళ్ళమ్మ లక్ష్మీతిరుపతమ్మ ఆటగత్తెలందరికీ తలా ఒక ఎండు నెత్తళ్ళ పొట్లం ఇచ్చిందట. పడవ మీదికి పోయే మనిషి కూతురు కాలేజీ జట్టులో ఆడుతోందని వాళ్ళ పల్లెపాలెమంతా బడికి వచ్చేసిందని గంగాభవాని చెబుతుంటే, రేపల్లె ఏం తక్కువ అనిపించింది నాకు.

తక్కువ కాలేదు. వారం రోజులు నేను ఆ గ్రౌండులోనే ఉన్నాను. రాళ్ళు ఏరించాను, నీళ్ళు కొట్టించాను, సున్నంతో గీతలు రెండుసార్లు గీయించాను. ఆ పనిలో పడి లోపల హెచ్చెమ్‌గారు ఏం ఏర్పాట్లు చేస్తున్నారో చూసుకోలేదు. హనుమంతరావుగారు మన బడికి వచ్చి రెండేళ్ళే అయింది, నిన్ను చదివించిన మనిషి కాదు, అయినా ఆయన సంబరం చూడాలి. వేరే బడులవాళ్ళు దండలు వేస్తారు, శాలువాలు కప్పుతారు, మనం ఎప్పటికీ గుర్తుండేది చెయ్యాలి మేడమ్ అన్నారు. బీరువాలోంచి అడ్మిషన్ రిజిస్టరు తీయించి, నీ పేరున్న పేజీ తెరిచి, బల్ల మీద పట్టుగుడ్డ పరిచి పెట్టారు. పేజీ అంచున పసుపు కుంకుమ కూడా పెట్టారు. ఈ పేరు ఇక్కడ పడిన రోజునే మన బడి అదృష్టం తిరిగిందని మైకులో చెప్పారు. మీ జట్టు పిల్లలు వరసగా వచ్చి నీ పేరు చూసి మురిసిపోయారు. గంగాభవాని అయితే, మా బడిలో నెత్తళ్ళే ఇచ్చారు, నీ బడిలో నీకు పూజ చేస్తున్నారే అని ఏడిపించింది.

నేను వచ్చి చూసేసరికి అప్పటికే అందరూ చుట్టూ మూగి ఉన్నారు. ఆ పేజీ మీద ఒక బంతిపువ్వు పెట్టాను. ఫొటోకి పేరు సరిగ్గా కనపడటం లేదని నువ్వే పువ్వు పక్కకి జరిపావు. మీ పీడీ మేడమ్ ఫొటో తీసి, మా కెప్టెన్‌కి ఆమె బడి ఇచ్చిన గౌరవం అని అందరి గ్రూపుల్లోనూ పెట్టేసింది. పాపం ఆవిడ తప్పేమీ లేదు. పోటీలో ఉన్న ఇంకో కాలేజీవాళ్ళు ఆ ఫొటోని పెద్దది చేసి చూస్తారని, నాలుగు మీద ఐదు దిద్ది ఉందని కనిపెడతారని, మునిసిపాలిటీ నుంచి నీ పుట్టిన సర్టిఫికెట్ తీయించి ఫిర్యాదు చేస్తారని ఎవరనుకుంటారు? 2004 నవంబరులో పుట్టిన పిల్లని 2005 అని చూపించారని. అసలు నీ వయసు ఎటు చూసినా కాలేజీ ఆటకి సరిపోతుంది. అయినా దొంగ తేదీ దొంగ తేదీయే అన్నారు.

అంత ప్రేమతో చేసిన పని ఇంత చేటు తెచ్చింది. హెచ్చెమ్‌గారు ఇప్పటికీ నా ఎదురుగా వచ్చి, నేను ఆ రిజిస్టరు తీయకుండా ఉండాల్సింది మేడమ్ అని బాధపడతారు. పర్వాలేదు సార్ అంటాను. ఇంకేమనను?

ఇక సోమవారం సంగతి. రావాలనే ఉంది. మోకాళ్ళు సహకరిస్తే వస్తాను. మీ కమిటీ గది మేడ మీద ఉందట కదా. నేను వచ్చి చెప్పినా ఒక పీఈటీ మాటకి ఎంత విలువ ఇస్తారో కూడా తెలియదు. నువ్వు ఒక పని చెయ్యి. ఎవరు దిద్దారు, ఎందుకు దిద్దారు అన్నది కొన్నాళ్ళు పక్కన పెట్టు. ఎవరు చేసినా నీ మీద పగతో చెయ్యలేదు. మీ నాన్న ఫోన్ చేస్తే ఎత్తు. రెండు మాటలు మాట్లాడకపోయినా పర్వాలేదు, ఎత్తి ఊఁ అను చాలు. ఆ మనిషికి అదే పదివేలు.

ప్రాక్టీసు మానొద్దు. జట్టుతో ఆడనివ్వకపోతే పొద్దున్నే ఒక్కదానివే ఫ్రీ త్రోలు వేసుకో. ఎడమ చేత్తో డ్రిబ్లింగ్ ఇంకా నువ్వు అనుకున్నంత లేదు, డిసెంబరులో చూశాను. హాస్టల్లో సరిగ్గా తిను. పడుకునే ముందు పాదాలకి కొబ్బరినూనె రాసుకో.

ఉంటాను తల్లీ.

ఇట్లు,
నీ మేలు కోరే
శోభారాణి.

తా.క. బుధవారం ఉదయం. నిన్న ఈ ఉత్తరం కవర్లో పెట్టి అంటించి పోస్టాఫీసు దాకా వెళ్ళాను. డబ్బాలో వెయ్యలేక ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు కవరు చించి మళ్ళీ రాస్తున్నాను. పైన రెండు పేజీలు మీ నాన్నని క్షమించమని రాశాను. ఆయన్ని క్షమించడానికి ఏమీ లేదు షాహీనా. ఆ సంవత్సరం దిద్దింది నేను.

నువ్వు ఎనిమిదో తరగతిలో ఉండగా అండర్-14 జోనల్ పోటీలు బాపట్లలో పెట్టారు. నెలన్నర తేడాతో నీకు వయసు దాటిపోయింది. అప్పటి హెచ్చెమ్ సెలవులో ఉన్నారు, బీరువా తాళం నా దగ్గర ఉంది. కూర్చుని నాలుగుని ఐదు చేశాను. రెండు నిమిషాలు పట్టలేదు. అదే తప్పు పదో తరగతి సర్టిఫికెట్‌లోకి వెళ్ళింది, అక్కడి నుంచి కాలేజీకి వెళ్ళింది. మీ ఇంట్లోవాళ్ళు అడిగితే, ఆఫీసులో పొరపాటు పడింది, మళ్ళీ సరిచేయిస్తాను అన్నాను. సరిచేయించలేదు.

నీకోసమే చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. నువ్వు మరుసటి ఏడాది అండర్-17లో ఆడుకునేదానివే, నీకు పోయేదేమీ లేదు. కప్పు కావలసింది నాకు. పద్నాలుగేళ్ళు ఆ మట్టి కోర్టులో గొంతు చించుకున్నాను, ఒక్కసారి కూడా మన బడి జోన్ గెలవలేదు. ఆ ఏడు గెలిచాం. నాకు స్టేజీ మీద సన్మానం చేశారు. నువ్వు కింద నిలబడి చప్పట్లు కొట్టావు.

జనవరి ఐదున, మొదటి విచారణకి ముందు రోజు సాయంత్రం, మీ నాన్న మా ఇంటికి వచ్చాడు. ఏం చెప్పమంటారండీ అని అడిగాడు. నేను జరిగింది చెప్పాను. చెప్పి ఏడ్చాను. జూన్‌లో రిటైర్మెంటు, ఇప్పుడు బయటపడితే ఉద్యోగం పోతుంది, పెన్షన్ ఆగుతుంది, ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేను అన్నాను. ఆయన, మా పిల్ల మీ చేతుల్లో పెరిగిందండి, చదువు రానోడిని, తెలీక చేయించానంటే నన్ను తిట్టి వదిలేస్తారండి, మీరు మాట్లాడొద్దండి అన్నాడు. నా మీద వేసుకో అని నేను అడగలేదు. ఆయన వేసుకుంటానంటే వద్దని కూడా అనలేదు. తండ్రి చేశాడంటే దెబ్బ నీకే తగులుతుందన్న రూలు మా ఇద్దరికీ తెలియదు. తొమ్మిదో తారీఖున మీ కాలేజీ కాగితం వచ్చాక తెలిసింది. అప్పటి నుంచి పంతొమ్మిది రోజులు. నిజం చెప్పేద్దామండీ అని ఆయన ఒక్కసారి కూడా నన్ను అడగలేదు, మాటిచ్చాడు కాబట్టి. ఆయన అడగలేదు కదా అని నేను ఊరుకున్నాను.

నేనొక్కదాన్నే నీతో అబద్ధం ఆడలేదని రాశావు చూడు, ఆ ఒక్క మాటతో నాలుగు రోజులుగా అన్నం లోపలికి పోవడం లేదు.

ఇందాక బడికి వెళ్ళి హెచ్చెమ్‌గారి చేతికి అంతా రాసి ఇచ్చాను. ఆయన చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కాపీ మీ కమిటీకి, మీ ప్రిన్సిపాల్‌కి ఈ రోజే పంపుతున్నాను. బడివాళ్ళు చేసిన తప్పని తేలిపోతుంది కాబట్టి నిన్ను ఆడనిస్తారు, ఆడనివ్వాలి. నాకు ఏమవుతుందో అవుతుంది, దాని గురించి నువ్వు ఎవరినీ బతిమాలొద్దు. మీ నాన్నకి ఇంకా చెప్పలేదు, చెబితే పరిగెత్తుకొచ్చి ఆపుతాడు. ఉత్తరం అందగానే నువ్వే ఆయనకి ఫోన్ చెయ్యి.

సోమవారం నేను వస్తున్నాను. మేడ మెట్లు ఎక్కగలను, నిన్న రాసింది సాకు. మొదటి విచారణ రోజు ఆ గదిలో మీ నాన్న సంతకం పెట్టి వచ్చి బెంచీ మీద కూర్చుంటే నువ్వు లేచి వేరే బెంచీకి వెళ్ళిపోయావట. ఆయన చెప్పలేదు, గంగాభవాని చెప్పింది. ఈసారి నువ్వు ముందే వెళ్ళి ఆయన పక్కన కూర్చో. ఆ రెండో బెంచీ మీద నేను కూర్చుంటాను.